ఆకుపచ్చ గొంతు

సింహాద్రి ఆ పొద్దున యంత్రానికి వంకాయ కూర గురించి చెప్పాడు.

"నిన్న అమ్మ గుత్తొంకాయ చేసింది. కారం ఎక్కువైపోయింది. జోగిగాడు చెంబుడు నీళ్లు తాగేడు. రేవులోకి బొగ్గు ఓడ ఒకటి వొచ్చింది, ఈరోజు దాన్ని దించాలి. మరేటి చెప్పమంటావు? అంతే."

ఫోను పెట్టేశాడు. మాటల్లో ఎక్కడా తేడా లేదు. ఎవరు విన్నా, పనికి బయల్దేరుతున్న మనిషి ఇంటి ముచ్చట చెబుతున్నాడనే అనుకుంటారు. అయినా ప్రయోగశాలలో తెర మీద అతని పేరు పక్కన ఎర్ర చుక్క వెలిగింది.

డాక్టర్ భ్రమరాంబ తాగుతున్న కాఫీ బల్ల మీద వదిలేసి గబగబా మెట్లు దిగింది. సింహాద్రి ఆమె తమ్ముడు. గాజువాకలో తల్లితో, చిన్న తమ్ముడు జోగారావుతో కలిసి ఉంటూ, ఓడరేవులో ఒక ప్రైవేటు కంపెనీకి క్రేను నడుపుతున్నాడు. ఆమె వెళ్లేసరికి అతను కంపెనీ చొక్కా తొడుక్కుని, బూట్ల తాళ్లు కూడా కట్టుకుని, పెరటి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. డ్యూటీ వేళ ఎప్పుడో దాటిపోయింది. అక్కను చూసి నవ్వాడు.

"ఏటప్పా, ఇలగొచ్చీసావు?"

"నీతో మాట్లాడదామని."

"పొద్దున్న నీ మిషనుతో మాట్లాడేను కదా."

"అదే చెప్పిందిరా, నువ్వు బాగులేవని."

సింహాద్రి కాసేపు బూట్ల వైపే చూశాడు. తర్వాత రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చాడు. ఇవాళ క్రేను ఎక్కితే మళ్లీ దిగాలని లేదప్పా అన్నాడు. ఆమె అతని పక్కనే ఆ మెట్టు మీద కూర్చుండిపోయింది. ఆ రోజే ఆస్పత్రిలో చేర్చారు. మందులతో, నిద్రతో, రోజూ ఎవరో ఒకరు పక్కన కూర్చుని మాట్లాడ్డంతో మెల్లగా తేరుకున్నాడు. మళ్లీ డ్యూటీకి వెళ్లాడు.

'శ్రోత' అని పేరు పెట్టిన ఆ యంత్రం కాపాడిన మొదటి మనిషి అతనే. అసలు ఆ యంత్రం పుట్టిందే అతని కోసం. కొన్నేళ్ల కిందట ఒకసారి, సాయంత్రం అక్కతో ఫోనులో జోకులు వేసి మాట్లాడిన సింహాద్రిని మర్నాడు ఎమర్జెన్సీ వార్డుకి మోసుకెళ్లవలసి వచ్చింది. ఎలాగో బతికాడు. భార్య మాత్రం పుట్టింటివాళ్ల మాట విని వెళ్లిపోయింది. పిచ్చివాడితో కాపురం ఏమిటన్నారు వాళ్లు. మనసుల వైద్యంలో అంత చదువు చదివిన భ్రమరాంబకి ఆ సాయంత్రం తోడబుట్టినవాడి గొంతులో ఏమీ వినపడలేదు. తన చెవిని నమ్మడం ఆమె ఆనాటితో మానేసింది.

మనిషి కుంగిపోయేటప్పుడు మాటల కంటే ముందు గొంతు కుంగుతుంది. ఊపిరి తీసుకున్నాక మొదటి అక్షరం పలకడానికి పట్టే వ్యవధి పెరుగుతుంది, అచ్చులు సన్నగా వణుకుతాయి, వాక్యం చివర గొంతు జారిపోతుంది. ఇదంతా మన చెవికి అందనంత చిన్న మార్పు. శ్రోతకి అందుతుంది. రోజూ పొద్దున్నే ఫోను చేసి ఒక్క నిమిషం ఏదో ఒకటి మాట్లాడితే చాలు, కూర గురించైనా సరే. తర్వాత ఫోనుకి రంగు చుక్క వస్తుంది. ఆకుపచ్చ అయితే బాగున్నట్టు. పసుపు అయితే కాస్త విశ్రాంతి కావాలి, ఎవరితోనైనా మనసు విప్పి మాట్లాడాలి. ఎరుపు అయితే వెంటనే ప్రయోగశాల నుంచి మనిషి బయల్దేరతాడు. ఆ మాటల్ని మాత్రం మనుషులెవరూ వినకూడదని భ్రమరాంబ గట్టి నియమం పెట్టింది. జబ్బు మనిషి గుట్టు యంత్రం దాటి బయటికి పోకూడదని ఆమె పట్టుదల.

పేటెంటు తీసుకోమని అందరూ చెప్పారు. ఆమె వినలేదు. ప్రతి ఊళ్లో, ప్రతి ఆరోగ్య కేంద్రంలో ఉండాలని మొత్తం తయారీ విధానం ఎవరైనా వాడుకునేలా బయట పెట్టేసింది. ఎవరైనా అంటే మంచివాళ్లే అనుకుంది, పాపం.

ముందుగా వాడుకున్నది ఒక వార్తా చానెల్.

శ్రోతకి నకలు ఒకటి చేయించుకుని, 'గొంతులో గుట్టు' అని సాయంత్రం కార్యక్రమం మొదలుపెట్టారు. మొదట్లో సరదాగానే ఉండేది. విలేకరుల ముందు మాట్లాడిన సినిమా నటి గొంతు పసుపు, ఎన్నికల్లో ఓడినాయన గొంతు ఎరుపు. జనం పకోడీలు తింటూ చూశారు. ఆ తర్వాత ఒక స్కూలు బస్సు బోల్తా పడింది. పిల్లలకి దెబ్బలు తగిలాయి. డ్రైవరు ఆస్పత్రి మంచం మీద ఏడుస్తూ మాట్లాడిన నాలుగు ముక్కల్ని చానెల్ యంత్రంలో వేసింది. అటువంటి రోజున ఏ మనిషి గొంతైనా ఎర్రగానే వస్తుంది. అది ఎవరికి కావాలి? "పిచ్చివాడి చేతిలో పసిప్రాణాలు" అని తెర నిండా అక్షరాలు వేశారు. బ్రేకులు ఫెయిలయ్యాయని తర్వాత తేలింది. ఆ సంగతి తెర అడుగున ఒక్కసారి పరుగెత్తి మాయమైంది. డ్రైవరు పిల్లల్ని తీసుకుని ఊరు వదిలేశాడు.

భ్రమరాంబ ఉండబట్టలేక ఆ కార్యక్రమానికి వెళ్లింది. సింహాద్రి, జోగి, తల్లి అప్పలనరసమ్మ ఇంట్లో టీవీ ముందు కూర్చున్నారు. అక్క పట్టుచీర కట్టుకుందని జోగి ఆటపట్టించాడు.

"డాక్టర్ గారూ, సూటిగా అడుగుతున్నా," అన్నాడు యాంకరు. "ఎరుపు వచ్చిన మనిషి చేతిలో మీ ఇంటి పిల్లల స్కూలు బస్సు పెడతారా? ఎస్ ఆర్ నో?"

"ఎరుపు అంటే పిచ్చి కాదండీ. ఇది థర్మామీటరు లాంటిది. జ్వరం వచ్చినవాణ్ణి పడుకోబెట్టి మందిస్తాం గాని వీధిలో నిలబెట్టి చాటింపు వేయం కదా."

"ఎస్ ఆర్ నో, డాక్టర్ గారూ? రాష్ట్రం మొత్తం ఎదురుచూస్తోంది."

"ఆ ఒక్క రోజుకి పెట్టను. బాగయ్యాక తప్పకుండా పెడతాను."

"పెట్టనంటున్నారు!" యాంకరు కెమెరా వైపు తిరిగాడు. "యంత్రం కనిపెట్టిన డాక్టరే పెట్టనంటున్నారు! ఇంకో బ్రేకింగ్. ఇంతసేపూ మాట్లాడిన డాక్టర్ గారి గొంతు రంగేమిటో చూద్దామా?"

పెద్ద తెర మీద పసుపు చుక్క వెలిగింది. స్టూడియోలో కూర్చోబెట్టిన జనం చప్పట్లు కొట్టారు.

యంత్రం అబద్ధం చెప్పలేదు. డ్రైవరు సంగతి తెలిసినప్పటి నుంచి ఆమెకి నిద్ర లేదు. "అవును, పసుపే," అంది భ్రమరాంబ. "నాకు విశ్రాంతి కావాలి. ఎవరితోనైనా మాట్లాడాలి. దాని అర్థం అంతే." ఆ మాట మధ్యలోనే ప్రకటనలు వచ్చేశాయి. మర్నాటికి ఆమె 'పసుపు డాక్టరమ్మ' అయిపోయింది. "పెట్టను" అన్న ముక్కని కత్తిరించి వారం పొడుగునా తిప్పి తిప్పి వేశారు. దాని ముందున్న మాటలు, వెనకున్న మాటలు ఏమైపోయాయో అడిగిన నాథుడు లేడు.

ఆ తర్వాత ఊరు మాట్లాడే తీరే మారిపోయింది. నకలు యంత్రాలు సెల్ ఫోన్లలోకి వచ్చేశాయి. పెళ్లిసంబంధాల వాళ్లు జాతకంతో పాటు గొంతు రంగు అడగడం మొదలుపెట్టారు. ఇల్లు అద్దెకివ్వాలన్నా రంగు చూస్తున్నారు. స్పోకెన్ ఇంగ్లీషు బోర్డుల పక్కన 'ఆకుపచ్చ గొంతు నేర్పబడును' అన్న బోర్డులు లేచాయి. ఊపిరి ఆపకుండా మాట మొదలెట్టాలి, చివర్న గొంతు పైకెత్తాలి, ఎక్కడా సాగదీయకూడదు. చేపలమ్మేవాళ్ల దగ్గర్నుంచి కాలేజీ లెక్చరర్ల దాకా అందరూ ఒకేలా, చురుగ్గా, ఉల్లాసంగా మాట్లాడసాగారు. చావు ఇంటికి పరామర్శకి వెళ్లినవాళ్లు కూడా అదే ఉత్సాహంతో ఓదార్చి వచ్చేవాళ్లు. తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. అన్నిటికన్నా అన్యాయం ఏమిటంటే, ఆకుపచ్చ గొంతు నేర్చుకున్నవాడు నిజంగా కుంగిపోతే కనిపెట్టే దారి శ్రోతకి కూడా లేకుండా పోయింది.

జోగారావుకి ఇదే జీవనాధారమైంది. అతను మిమిక్రీ కళాకారుడు. పెళ్లిళ్లలో, వినాయక చవితి పందిళ్లలో రైలు కూతలు, నాయకుల ఉపన్యాసాలు చేసేవాడు. ఓడ సైరను చేశాడంటే కళ్లు మూసుకుని రేవులో నిలబడ్డట్టే ఉండేది. సింహాద్రి ఆస్పత్రి నుంచి వచ్చిన కొత్తలో అతన్ని నవ్వించడానికి అతన్నే అనుకరించి చూపించేవాడు. అన్న నడక, అన్న దగ్గు, ఫోనెత్తి "ఆఁ, సింహాద్రినండి" అనే తీరు. పందిళ్ల కార్యక్రమాలు తగ్గిపోయిన ఈ రోజుల్లో అతను వీధి చివర గది తీసుకుని ఆకుపచ్చ గొంతు నేర్పసాగాడు. మాస్టారూ అని పిలుస్తుంటే అతనికి గర్వంగానే ఉండేది.

కంపెనీ కూడా ఊరుకోలేదు. క్రేను నడిపేవాళ్లు రోజూ గేటు దగ్గర ఫోనులో రంగు చూపించి లోపలికి వెళ్లాలని నోటీసు అంటించింది. రంగులు బయటపెట్టనని భ్రమరాంబ ఎంత మొత్తుకున్నా లాభం లేకపోయింది. కంపెనీ ఆమెని అడగలేదు. పనివాళ్లనే అడిగింది. శ్రోతని ఆపేద్దామా అనుకుంది భ్రమరాంబ. ఆపితే, ఆ పూట ఎర్ర చుక్క వచ్చే మనిషి దగ్గరికి ఎవరు వెళ్తారు? ఆపలేకపోయింది.

ఆ రోజుల్లోనే తల్లి ఫోను చేసింది.

"తల్లే, ఓ మాట సెప్తే కోపగించుకోవు కదా?"

"చెప్పమ్మా."

"కొన్నాళ్లు నువ్విటు రాకే. నీ కారు గుమ్మం ముందర ఆగితే సాలు, ఈదంతా బయటికొచ్చి సూస్తంది. పసుపు డాక్టరమ్మ వొచ్చింది, ఎవుడికో తేడా అయ్యుంటాదని గుసగుసలు. కంపెనీ సెవిన పడితే గుంటడి ఉజ్జోగం పోద్ది."

భ్రమరాంబకి కళ్లలో నీళ్లు తిరిగాయి. "వాడెలా ఉన్నాడమ్మా?"

"బాగున్నాడు. నీ మిషనే సెప్తంది కదేటి, పచ్చగున్నాడని?"

నిజమే. తెర మీద సింహాద్రి పేరు పక్కన రోజూ ఆకుపచ్చే వెలుగుతోంది. ఆమె వెళ్లడం మానేసింది. తనమీద చానెళ్లు రోజుకో కథ వేస్తున్నాయి, ప్రయోగశాలకి నిధులు ఆపేస్తామని పైవాళ్లు కబురు పెడుతున్నారు. అంత గందరగోళంలోనూ పొద్దున్నే ఆ చుక్క చూస్తే ఆమె ప్రాణం కుదుటపడేది.

ఆ చుక్క మాత్రం సింహాద్రిది కాదు.

గేటు దగ్గర రంగు చూపించే రోజులు వచ్చాక అతనికి ఫోను ముందు నోరు పెగలడం కష్టమైంది. ఈ ఒక్క నిమిషం మీదే ఉద్యోగం ఆధారపడిందనుకుంటే ఎవరికి మాత్రం నోరాడుతుంది? ఒకరోజు పసుపు వచ్చింది. గార్డు అందరి ముందూ వెనక్కి పంపాడు. ఇంకోసారి వస్తే పనిలోంచి తీసేస్తామన్నాడు సూపర్‌వైజరు. జోగి వీధిలో అందరికీ నేర్పినట్టే అన్నకీ నేర్పబోయాడు. కూర్చోబెట్టి పదే పదే చెప్పించాడు. సింహాద్రికి రాలేదు. లేని హుషారు తెచ్చిపెట్టుకోవడం కొందరికి చేతకాదు.

మందులు కూడా ఆగిపోయాయి. మందుల షాపువాడు చీటీ చూసి పేర్లు గుర్తుపడతాడని తల్లి భయం. అక్కని తెమ్మంటే సంగతి అడుగుతుంది. "బాగానే ఉన్నాడు కదా, ఇంకెందుకు ఆ మాయదారి బిళ్లలు," అంది అప్పలనరసమ్మ. కొడుకు మీద ప్రేమ లేక అనలేదు. ఒక కోడలు వెళ్లిపోవడం చూసింది. కొడుక్కి పిచ్చి అన్న మాట మళ్లీ పడకుండా చూడ్డమే వాణ్ణి కాపాడుకోవడం అనుకుంది.

అలా ఒక పొద్దున జోగి అన్న చేతిలోంచి ఫోను తీసుకున్నాడు. "ఈయాల్టికి నేను మాట్లాడేస్తాన్రా, నువ్వు కూకో," అన్నాడు. గొంతు సవరించుకుని, బాగున్న రోజుల్లోని సింహాద్రిలా మొదలుపెట్టాడు.

"ఆఁ, సింహాద్రినండి. అమ్మ నిన్న నెత్తళ్ల పులుసు పెట్టింది. అబ్బ, ఏటి రుచి! రెండుసార్లు వడ్డించుకున్నాను..."

ఆకుపచ్చ వచ్చింది. తల్లి దేవుడి పటానికి దండం పెట్టింది. ముగ్గురూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. మర్నాడు కూడా జోగే మాట్లాడాడు. ఆ తర్వాత అదే అలవాటైపోయింది.

రోజూ పొద్దున సింహాద్రి చొక్కా తొడుక్కుని మంచం మీద కూర్చునేవాడు. ఎదురుగా తమ్ముడు గోడకానుకుని నిలబడి అతనిగా మాట్లాడేవాడు. లేని ఆకలి, చూడని సినిమా, వేయని జోకులు, ఆనందంగా దించిన ఓడలు. సింహాద్రి ఆ మనిషి కబుర్లు తల వంచుకుని వినేవాడు. తర్వాత ఫోను జేబులో పెట్టుకుని, గేటు దగ్గర ఆ రంగు చూపించి, క్రేను ఎక్కేవాడు. ఎలా ఉన్నావురా అని ఎవరూ అడిగేవాళ్లు కాదు. అడగాల్సిన పని యంత్రం చేస్తోంది, చెప్పాల్సిన పని జోగి చేస్తున్నాడు.

"నాకన్నా నువ్వే బాగా చేస్తన్నావురా నన్ను," అన్నాడు ఒకరోజు.

జోగి పగలబడి నవ్వాడు. తన కళకి ఇంతకన్నా మెప్పు ఏముంటుంది అనుకున్నాడు. అన్న నవ్వలేదని అతను గమనించలేదు.

ప్రయోగశాల భవిష్యత్తు తేల్చడానికి వేసిన కమిటీ ముందు భ్రమరాంబ ఆఖరిసారిగా వాదించింది. ఈ యంత్రం వల్ల ఎవరికి మేలు జరిగిందో ఒక్క మనిషిని చూపించమన్నారు. ఆమె ఇన్నాళ్లూ బయట చెప్పని మాట చెప్పింది. "నా తమ్ముడు. ఒకప్పుడు ఎరుపు వచ్చింది. సమయానికి వెళ్లాం. అప్పటి నుంచి ఒకే ఒక్కసారి పసుపు, మిగతా అన్ని రోజులూ ఆకుపచ్చే. కాస్త కనిపెట్టుకుని ఉంటే మనిషి బాగుపడతాడనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?" కమిటీలో ఒకాయన తల ఊపాడు. ఆమెకి చాలా రోజుల తర్వాత ఆశ కలిగింది.

ఆ వారంలోనే ఒక పొద్దున జోగి నిద్ర లేచేసరికి అన్న మంచం మీద లేడు. ఫోను మాత్రం తలగడ పక్కన ఉంది. టీ తాగడానికి వెళ్లుంటాడు, వచ్చేసరికి డ్యూటీ వేళ అయిపోతుందనుకున్నాడు జోగి. ఫోనందుకుని అన్నలా మాట్లాడాడు. దొండకాయ వేపుడు గురించి చెప్పాడు. ఆకుపచ్చ వచ్చింది. ప్రయోగశాలలో భ్రమరాంబ ఆ చుక్క చూసుకుని కాఫీ పూర్తిగా తాగింది.

అప్పటికే జాలరివాళ్లు సింహాద్రిని ఒడ్డుకు చేర్చి గట్టు మీద పడుకోబెట్టారు. ఊపిరి ఎప్పుడో పోయింది.

ఇంటి ముందు శవం దించేసరికి చానెల్ బండి వచ్చి ఆగింది. పసుపు డాక్టరమ్మ తమ్ముడని ఎలా తెలిసిందో తెలిసిపోయింది. అప్పలనరసమ్మ గుండెలు బాదుకుని ఏడుస్తుంటే ఒకతను మైకు ఆమె నోటి దగ్గర పెట్టాడు. "మీ అబ్బాయికి పిచ్చి అని ముందే తెలుసా అమ్మా?" అని అడిగాడు. ఆమె కొడుకు పేరు పెట్టి పిలవడం తప్ప ఏమీ చెప్పలేదు. సాయంత్రం 'గొంతులో గుట్టు'లో ఆ ఏడుపు వేశారు. పక్కన ఎర్ర చుక్క వేశారు. "కుటుంబం మొత్తానికీ ఉందా?" అని అడుగున అక్షరాలు. వీధిలో చాలామంది ఇళ్ల నుంచి అదే ఏడుపు రెండోసారి వినిపించింది. శవం పక్కన కూర్చోవడానికి మాత్రం నలుగురైదుగురు కూడా రాలేదు.

భ్రమరాంబ ఏడవలేదు. ఆమెకి ఒకటే అర్థం కాలేదు. చనిపోయిన మనిషి పొద్దున్నే ఫోనులో ఆకుపచ్చగా ఎలా మాట్లాడాడు? యంత్రం తప్పా? జోగిని అడిగితే గోడవైపు తిరిగి కూర్చున్నాడు. తల్లి కొంగు నోట్లో కుక్కుకుంది.

కర్మలయ్యాక ప్రయోగశాలకి వెళ్లి, తలుపు వేసుకుని, తను పెట్టిన నియమాన్ని తనే మీరింది. సింహాద్రి గొంతు రికార్డులు మొదటిసారి తన చెవులతో విన్నది. మొదట్లోవి తమ్ముడివే. వంకాయ కూర, బొగ్గు ఓడ. పసుపు వచ్చిన రోజు మాటలు కూడా వాడివే, తడబడుతూ. ఆ తర్వాతిది పెట్టింది.

"ఆఁ, సింహాద్రినండి..."

అంతే, తెలిసిపోయింది. ఎంత గొప్పగా చేస్తే మాత్రం, ఎత్తుకుని పెంచిన తమ్ముళ్లలో ఎవరు ఎవరో అక్కకి తెలియదా? "జోగీ," అని పైకే అంది. చెవి పనిచేయదని ఆమె మూసేసుకుంది గాని, ఈ ఒక్క పనికి అది చాలు. ఎన్ని నెలల పొద్దులో ఇవి! ఏ ఒక్క రోజు విన్నా తమ్ముడు బతికేవాడు.

అయినా ఆపకుండా అన్నీ విన్నది. జోగి తయారుచేసిన సింహాద్రి ఎంత సంతోషంగా ఉన్నాడో! ఒకరోజు ఆమె పుట్టినరోజట. "మా అప్పకి శుభాకాంక్షలు చెప్పండి మిషను గారూ," అన్నాడు ఆ లేని మనిషి. ఆ రికార్డులోనే వెనక ఇంకేదో వినపడింది. యంత్రం దాన్ని చప్పుడు కింద లెక్కగట్టి పక్కన పెట్టేసింది. ఫ్యాను రొద, గిన్నెల మోత లాంటివి తీసేయాలని ఆమే దానికి నేర్పింది. ఆమె ఆ పక్కకి పెట్టిన చప్పుళ్లని తెరిచి, శబ్దం పెంచి విన్నది. దూరంగా, మంచం వైపు నుంచి, సాగుతూ, చివర జారిపోతూ ఒక గొంతు.

"చాల్లేరా జోగీ. నన్నోపాలి మాట్లాడనీ."

జోగి హుషారుగా, "అంతేనండి, ఉంటాను," అని పెట్టేశాడు.

భ్రమరాంబ దాన్ని మళ్లీ పెట్టింది. మళ్లీ. సింహాద్రి అడిగింది ఆ ఒక్క అవకాశమే. ఆ ఇంట్లో ఎవరూ ఇవ్వలేదు. ఊరు ఇవ్వలేదు. అతని కోసమే పుట్టిన యంత్రం ఆ మాటని చప్పుడనుకుంది. అప్పుడు ఏడ్చింది. తమ్ముడు పోయాక ఆమె ఏడవడం అదే మొదలు. బల్ల మీద తల ఆనించి, పెద్దగా, గొంతు చీరుకుపోయేలా ఏడ్చింది. అక్కడ వినడానికి ఎవరూ లేరు.

మర్నాడు తెల్లవారింది. ఆమె ఇంకా ఆ కుర్చీలోనే ఉంది. రోజూ వచ్చే వేళకి తెర మీద సింహాద్రి పేరు వెలిగింది. ఫోను వస్తోంది. ఇన్నాళ్లలో మొదటిసారి, యంత్రానికే వదిలేయకుండా దానితో పాటు ఆమె కూడా ఎత్తింది.

"ఆఁ, సింహాద్రినండి. అమ్మ నిన్న బెండకాయ పులుసు పెట్టింది. ఉప్పు కొద్దిగా తగ్గిందనుకోండి. అయినా బాగుంది. రేవులోకి కొత్త ఓడ వొచ్చింది..."

"జోగీ," అంది భ్రమరాంబ.

అవతల మాట ఆగింది.

"జోగీ, నేనురా, అప్పని. ఎందుకురా ఇంకా?"

"అమ్మ వింటాదని," అన్నాడు. అదీ సింహాద్రి గొంతే. "పొద్దున్నే గుమ్మం పక్కన కూకుంటాది. అన్నయ్య మాట్లాడితే గాని టీ ముట్టదు."

"అమ్మ సంగతి నేను చూసుకుంటాను. నీ సంగతి చెప్పు. నువ్వెలా ఉన్నావు నాన్నా? నీ గొంతుతో చెప్పు. నేను వింటాను. ఎంతసేపైనా వింటాను."

ఊపిరి తీసుకోవడం వినపడింది. ఏదో అనబోయి ఆగాడు. మళ్లీ ప్రయత్నించాడు. రైలు కూతల దగ్గర్నుంచి ఓడ సైరన్ల దాకా ఏదంటే అది పలికించిన ఆ గొంతు, తనదైన ఒక్క ముక్క కోసం వెతుక్కుంటూ గరగరలాడింది.

"రావట్లేదప్పా," అన్నాడు చివరికి, బాగున్న రోజుల్లోని సింహాద్రిలా, హుషారుగా. "ఇదే వొస్తంది."

తెర మీద ఆకుపచ్చ చుక్క వెలిగింది.